అడాల్ఫ్ బూటెనాంట్

అడాల్ఫ్ ఫ్రీడ్రిఖ్ యోహాన్ బూటెనాంట్ (1903 మార్చి 24 - 1995 జనవరి 18) జర్మనీ దేశానికి చెందిన సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. పురుష హార్మోన్లలో మొట్టమొదట స్ఫటిక రూపంలో లభించిన ఆండ్రోస్టిరోన్‌ను 1931లో వేరుచేసినవాడు ఇతడే. 1935లో టెస్టోస్టిరోన్‌ను కొలెస్టరాల్ నుండి తయారుచేసే మార్గాన్ని చూపిన ఇద్దరిలో ఒకడు. లైంగిక హార్మోన్లపై చేసిన పరిశోధనలకు 1939లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని లియోపోల్డ్ రుజిచ్కాతో పంచుకొన్నాడు. కీటకాలు జతకు పిలుచుకొనే వాసన పదార్థాన్ని శుద్ధరూపంలో మొదట గుర్తించిన ఘనత కూడా ఇతడి బృందానిదే. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలలో కనిపించే లింగాకర్షక బుట్టలకు మూలమైన శాస్త్రం అక్కడే మొదలైంది. నాజీ పాలనాకాలంలో ఇతడు నడచుకొన్న తీరు మాత్రం నేటికీ వివాదాస్పదమే.

బాల్యము, విద్యాభ్యాసము

బూటెనాంట్ ఉత్తర జర్మనీలో సముద్రతీరాన ఉన్న లేహె పట్టణంలో జన్మించాడు. ఈ ఊరు తరువాతి కాలంలో బ్రెమర్‌హాఫెన్ నగరంలో కలిసిపోయింది. మార్‌బుర్గ్, గొట్టింగెన్ విశ్వవిద్యాలయాలలో రసాయన, జీవశాస్త్రాలు చదివాడు. గొట్టింగెన్‌లో ఇతడి గురువు అడాల్ఫ్ విండౌస్. కొలెస్టరాల్ వంటి స్టెరాల్ పదార్థాల పరిశోధనలో విండౌస్ ఆనాటి ప్రపంచంలో అగ్రగణ్యుడు. 1928లో నోబెల్ బహుమతి పొందాడు. శిష్యుని భవిష్యత్తును నిర్ణయించినది ఈ గురువు సాంగత్యమేనని చెప్పవచ్చు. ఎందుకంటే లైంగిక హార్మోన్లు కూడా స్టెరాల్ కుటుంబానికి చెందినవే అన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

1927లో బూటెనాంట్ డాక్టరేటు పొందిన అంశం హార్మోన్లు కాదు, రోటెనోన్ అనే పదార్థం. డెర్రిస్ అనే మొక్క వేరులో ఉండే ఈ పదార్థం చేపలకు, పురుగులకు విషం. దీనిని పురుగుమందుగా వాడేవారు.

పురుష హార్మోను పరిశోధన - పూర్వరంగం

వృషణాలు తీసివేస్తే జంతువు స్వభావం, శరీరం మారతాయన్నది వేల సంవత్సరాలుగా మనుషులకు తెలిసిన విషయమే. కోడెకు విత్తులు నొక్కించి అరకకు కట్టే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఒంగోలు జాతిలో ఆబోతుకు ఉండే బరువైన మూపురం, మెడ కండ, పొగరు, చిన్ననాడే విత్తులు నొక్కిన ఎద్దుకు రావు. తెలియనిదల్లా ఒకటే. కడుపు కింద ఉన్న ఒక అవయవం తలమీది తురాయిని, గొంతును, స్వభావాన్ని ఎలా శాసించగలుగుతున్నది?

దీనికి తొలి సమాధానం గొట్టింగెన్ నగరంలోనే దొరికింది. 1849లో అర్నోల్డ్ బెర్తోల్డ్ అనే ఆచార్యుడు ఆరు పుంజులపై ఒక ప్రయోగం చేశాడు. వృషణాలు పూర్తిగా తొలగించిన పుంజులకు తురాయి ముడుచుకుపోయింది. కూత, కొట్లాట పోయాయి. తొలగించిన వృషణాన్ని తిరిగి కడుపులో అమర్చిన పుంజులు మాత్రం మామూలుగానే ఎదిగాయి. అవి అమర్చిన చోట పాత నరాల సంబంధం ఏదీ లేదు. కనుక వృషణం రక్తంలోకి ఏదో వదులుతున్నదని బెర్తోల్డ్ గ్రహించాడు. వినాళ గ్రంథుల శాస్త్రానికి ఇది పునాది. అయినా చాలాకాలం దీనిని ఎవరూ పట్టించుకోలేదు.

1889లో పారిస్‌లో బ్రౌన్-సెకార్డ్ అనే పేరుమోసిన శరీరధర్మ శాస్త్రవేత్త, 72 ఏళ్ళ వయసులో, కుక్కల, గినీ పందుల వృషణాల రసాన్ని తనకు తానే ఎక్కించుకొని యౌవనం తిరిగి వచ్చినట్లున్నదని ప్రకటించాడు. ఆ నీటి రసంలో హార్మోను దాదాపు లేనే లేదని తరువాత తేలింది. వృషణం హార్మోనును నిల్వ చేసుకోదు, తయారైనది తయారైనట్లే రక్తంలోకి పంపుతుంది. పైగా ఆ పదార్థం నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. 1927లో చికాగోలో ఫ్రెడ్ కాక్, మెక్‌గీ అనేవారు కబేళాల నుండి తెచ్చిన ఎద్దుల వృషణాల నుండి కొవ్వు ద్రావణులతో నిజంగా పనిచేసే సారాన్ని తీయగలిగారు. అయితే అది శుద్ధ పదార్థం కాదు.

తొలి విజయం - ఈస్ట్రోన్

బెర్లిన్‌లోని షేరింగ్ అనే ఔషధ సంస్థ స్త్రీ హార్మోనును శుద్ధి చేయగల రసాయన శాస్త్రవేత్త కోసం వెదుకుతూ విండౌస్‌ను సంప్రదించింది. విండౌస్ తన యువ సహాయకుడిని చూపాడు. గర్భిణీ స్త్రీల మూత్రంలో ఈ హార్మోను సమృద్ధిగా ఉంటుందని అప్పటికే తెలుసు. షేరింగ్ సంస్థ సారాన్ని తయారుచేసి పంపేది, బూటెనాంట్ దానిని శుద్ధి చేసేవాడు. 1929లో ఈస్ట్రోన్ స్ఫటికాలు లభించాయి. అదే సంవత్సరం అమెరికాలో ఎడ్వర్డ్ డోయిజీ కూడా స్వతంత్రంగా ఈ పని చేశాడు. ఈ పరిశోధనలో బూటెనాంట్‌కు సహాయకురాలిగా ఉన్న ఎరికా ఫాన్ జీగ్నర్‌ను ఇతడు 1931లో వివాహమాడాడు. వీరికి ఏడుగురు సంతానం.

ఆండ్రోస్టిరోన్

స్త్రీ హార్మోను దారి చూపింది గనుక పురుష హార్మోనును కూడా మూత్రంలోనే వెదకాలని బూటెనాంట్ నిశ్చయించుకొన్నాడు. కానీ ఇక్కడ కష్టం చాలా ఎక్కువ. పురుషుల మూత్రంలో ఈ పదార్థం అత్యల్పం. ఒకేచోట నివసించే ఆరోగ్యవంతులైన యువకులు పెద్దసంఖ్యలో కావాలి. అందుకు బెర్లిన్ పోలీసుల మూత్రాన్ని సేకరించారు. సుమారు 15,000 లీటర్ల మూత్రాన్ని ఆమ్లంతో కాచి, ద్రావణులతో తీసి, మళ్ళీ మళ్ళీ వడపోసి, బూటెనాంట్, అతడి సహచరుడు కుర్ట్ చెర్నింగ్ 1931లో రాబట్టిన స్ఫటికాలు 15 మిల్లీగ్రాములు మాత్రమే. అంటే వెయ్యి లీటర్లకు ఒక మిల్లీగ్రాము చొప్పున.

ఏ దశలో హార్మోను ఏ పాత్రలో ఉన్నదో తెలుసుకొనేందుకు ఆనాడు యంత్రాలు లేవు. వృషణాలు తొలగించిన పుంజులే వారి తూనిక. ఒక్కొక్క భాగాన్ని పుంజుకు ఎక్కించి, ముడుచుకుపోయిన తురాయి తిరిగి ఎంత పెరిగిందో కొలిచేవారు. తురాయి పెరిగితే హార్మోను ఆ భాగంలో ఉన్నట్లు; లేకపోతే ఆ భాగాన్ని పారబోయవచ్చు. బెర్తోల్డ్ ప్రయోగమే ఎనభై ఏళ్ళ తరువాత కొలమానంగా మారిందన్నమాట.

ఈ పదార్థానికి ఆండ్రోస్టిరోన్ అని పేరు పెట్టారు. పేరులోని మొదటి భాగం గ్రీకు భాషలో పురుషుడిని, తరువాతిది స్టెరాల్ సంబంధాన్ని సూచిస్తుంది. చేతిలో ఉన్నది చిటికెడైనా కాదు. అయినా గురువు దగ్గర నేర్చిన స్టెరాల్ రసాయనం ఇక్కడ అక్కరకు వచ్చింది. నాలుగు వలయాలు ఒకదానికొకటి అతుక్కొని ఉండే కొలెస్టరాల్ చట్రమే దీనిలోనూ ఉండవచ్చునని బూటెనాంట్ ఊహించాడు. 1934లో జూరిచ్‌లో లియోపోల్డ్ రుజిచ్కా కొలెస్టరాల్ సంబంధిత పదార్థం నుండి ఆండ్రోస్టిరోన్‌ను తయారుచేసి ఆ ఊహ సరైనదని నిరూపించాడు. లైంగిక హార్మోనును ప్రయోగశాలలో తయారుచేయడం అదే మొదలు. అదే ఏడాది బూటెనాంట్ మూత్రం నుండి డీహైడ్రోఆండ్రోస్టిరోన్ అనే మరొక పదార్థాన్ని కూడా వేరుచేశాడు. తరువాతి అంకంలో దీని పాత్ర పెద్దది.

టెస్టోస్టిరోన్ పోటీ

1933లో, ముప్పై ఏళ్ళ వయసుకే, బూటెనాంట్ డాంజిగ్ (నేటి పోలెండ్‌లోని గ్డాన్‌స్క్) సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనాడు. 1934లో వేలాది పందుల అండాశయాల నుండి ప్రొజెస్టిరోన్ అనే గర్భరక్షక హార్మోనును శుద్ధరూపంలో రాబట్టాడు. మరికొన్ని బృందాలు కూడా అదే సమయంలో ఈ ఫలితానికి చేరుకొన్నాయి.

ఇంతలో ఒక చిక్కు ఎదురైంది. వృషణాల సారం పుంజు తురాయిపై, ఎలుకలపై చూపే ప్రభావం ఆండ్రోస్టిరోన్ ప్రభావం కన్నా చాలా బలంగా ఉన్నది. అంటే మూత్రంలో దొరికినది అసలు హార్మోను కాదు, శరీరం దానిని వాడుకొని విసర్జించిన అవశేషం. అసలైన దానిని 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకేర్ బృందం పట్టుకొన్నది. వారు సుమారు 100 కిలోల ఎద్దుల వృషణాల నుండి 10 మిల్లీగ్రాముల స్ఫటికాలు తీసి, టెస్టోస్టిరోన్ అని నామకరణం చేశారు.

ఆ పేరు వెలువడిన కొద్ది నెలలకే దాని తయారీ మార్గం బయటపడింది. 1935 ఆగస్టు 24న బూటెనాంట్, గుంటర్ హానిష్ పంపిన వ్యాసం జర్మన్ పత్రికకు చేరింది. డీహైడ్రోఆండ్రోస్టిరోన్ నుండి టెస్టోస్టిరోన్‌ను తయారుచేసే విధానం అందులో ఉన్నది. సరిగ్గా ఒక వారం తరువాత, ఆగస్టు 31న, రుజిచ్కా, ఆల్బర్ట్ వెట్‌స్టెయిన్ పంపిన వ్యాసం స్విట్జర్లాండ్ పత్రికకు అందింది. బూటెనాంట్ వెనుక షేరింగ్, రుజిచ్కా వెనుక సీబా, లాకేర్ వెనుక ఆర్గనాన్ సంస్థలు ఉన్నాయి. శాస్త్రజ్ఞుల పరుగుపందెం వెనుక వ్యాపార సంస్థల పేటెంట్ల పందెం కూడా ఉన్నదని మరువరాదు. కబేళాల మీద, మూత్రం పీపాల మీద ఆధారపడిన హార్మోను ఇక చవకైన కొలెస్టరాల్ నుండి కావలసినంత తయారు కాసాగింది.

పురుష హార్మోను వ్యవస్థ అర్థమైనది శుద్ధ పదార్థం చేతికి వచ్చిన తరువాతనే. మెదడు కింద ఉండే పీయూష గ్రంథి రెండు హార్మోన్లను పంపుతుంది. ఎల్.హెచ్. అనేది వృషణాలలోని లేడిగ్ కణాలచేత టెస్టోస్టిరోన్ తయారుచేయిస్తుంది, ఎఫ్.ఎస్.హెచ్. వీర్యకణాల ఉత్పత్తికి తోడ్పడుతుంది. రక్తంలో టెస్టోస్టిరోన్ పెరిగితే పీయూష గ్రంథి తన పని తగ్గించుకొంటుంది. అందువలన బయటనుండి టెస్టోస్టిరోన్ ఎక్కించినవారిలో వీర్యకణాలు పెరగకపోగా తగ్గిపోతాయి. కండలు పెంచుకోవడానికి దీనిని వాడే యువకులు చాలామందికి ఈ సంగతి తెలియదు. ఇదే సూత్రంపై పురుషులకు గర్భనిరోధకం సాధ్యమేనా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షలు జరిపి 1990లో ఫలితాలు ప్రచురించింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎన్.ఆర్.మౌద్గల్ బృందం ఎఫ్.ఎస్.హెచ్.ను అడ్డుకొనే మార్గాన్ని కోతులపై పరిశీలించింది. మరొకవైపు 1941లో చికాగోలో చార్లెస్ హగ్గిన్స్ పురుష హార్మోనును తగ్గిస్తే ప్రోస్టేట్ కాన్సరు అదుపులోకి వస్తుందని చూపాడు. వృషణాలు సరిగా పనిచేయనివారికి టెస్టోస్టిరోన్ నేటికీ ఔషధమే.

నాజీ పాలన, నోబెల్ బహుమతి

1935లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం బూటెనాంట్‌ను ఆహ్వానించింది. ఇతడు వెళ్ళలేదు. 1936లో బెర్లిన్ శివారు డాలెమ్‌లోని కైజర్ విల్‌హెల్మ్ జీవరసాయన సంస్థకు సంచాలకుడైనాడు. ఆ పీఠం ఖాళీగా లభించినది కాదు. ఆ సంస్థను ప్రారంభంనుండి నడిపిన కార్ల్ నాయ్‌బెర్గ్‌ను యూదుడన్న కారణంగా పదవినుండి తొలగించారు. ఆయన చివరకు దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. అదే 1936లో బూటెనాంట్ నాజీ పార్టీలో సభ్యుడిగా చేరాడు.

1939లో నోబెల్ బహుమతి ప్రకటించారు. అంతకుముందు నాజీ నిర్బంధ శిబిరంలో ఉన్న శాంతివాది కార్ల్ ఫాన్ ఒసియెట్స్కీకి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చినందుకు ఆగ్రహించిన హిట్లర్, జర్మన్లు ఎవరూ ఈ బహుమతి స్వీకరించరాదని ఆదేశించి ఉన్నాడు. బూటెనాంట్‌తో పాటు రిచర్డ్ కూన్, గెర్‌హార్డ్ డోమాక్‌లు కూడా బహుమతిని నిరాకరించవలసి వచ్చింది. యుద్ధానంతరం 1949లో బూటెనాంట్‌కు పతకము, యోగ్యతాపత్రము అందాయి, ధనం అందలేదు.

ఈ కాలంలోనే ఇతడు ఆల్‌ఫ్రెడ్ క్యూన్ అనే జంతుశాస్త్రజ్ఞుడితో కలిసి పిండిపురుగు చిమ్మటల కంటిరంగును నిర్ణయించే పదార్థాన్ని పరిశీలించి, అది కైన్యూరెనిన్ అని 1940లో నిర్ధారించాడు. జన్యువులు రసాయన చర్యల ద్వారా పనిచేస్తాయనడానికి తొలి ఆధారాలలో ఇది ఒకటి. బాంబుదాడులు తీవ్రం కావడంతో 1944లో సంస్థ ట్యూబింగెన్‌కు తరలివెళ్ళింది.

కీటకాల హార్మోన్లు, బాంబికాల్

యుద్ధం తరువాత ట్యూబింగెన్‌లోను, 1956 నుండి మ్యూనిక్‌లోను బూటెనాంట్ తన పాత పద్ధతినే కీటకాలపై ప్రయోగించాడు. టన్నులకొద్దీ ముడిపదార్థం, మిల్లీగ్రాముల ఫలితం. 1954లో పీటర్ కార్ల్‌సన్‌తో కలిసి 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుండి 25 మిల్లీగ్రాముల ఎక్డైసోన్ అనే కుబుసం విడిపించే హార్మోనును రాబట్టాడు. ఇది కూడా స్టెరాయిడ్ కుటుంబానిదే కావడం విశేషం.

దీనికన్నా దీర్ఘమైనది మరొక అన్వేషణ. ఆడ పట్టుచిలుక కదలకుండా కూర్చున్నా, మగది దూరం నుండి వెదుక్కుంటూ వస్తుంది. ఆడదాని పొట్ట చివరనున్న గ్రంథి వదిలే వాసనే దీనికి కారణం. ఆ వాసన పదార్థమేదో కనిపెట్టడానికి సుమారు ఇరవై ఏళ్ళు, 5,00,000 ఆడ చిలుకలు పట్టాయి. 1959లో వెలువడిన ఫలితంలో బాంబికాల్ అనే ఒక మద్యసార జాతి పదార్థం గుర్తించబడింది. దాని ఉత్పన్నరూపంలో చేతికి వచ్చినది 12 మిల్లీగ్రాములు. పుంజు తురాయి స్థానంలో ఇక్కడ కొలమానం మగ చిలుక రెక్కలు. పదార్థం సోకిన పుల్ల దగ్గరకు తెస్తే అవి టపటపలాడేవి. అదే ఏడాది కార్ల్‌సన్, మార్టిన్ లూషర్‌లు ఇటువంటి పదార్థాలకు ఫెరోమోన్ అనే పేరు సూచించారు. హార్మోను ఒక శరీరంలోనే ఒక అవయవం నుండి మరొక అవయవానికి వార్త మోస్తుంది. ఫెరోమోను ఒక ప్రాణి నుండి అదే జాతికి చెందిన మరొక ప్రాణికి మోస్తుంది.

పత్తి, మిరప చేలలో

బాంబికాల్ వలన పట్టు పరిశ్రమకు పెద్దగా ఒరిగినదేమీ లేదు. కానీ ఒక చిలుక వాసనను గుర్తించిన పద్ధతితోనే పంటలను తినే చిలుకల వాసనలను కూడా గుర్తించవచ్చునని తేలింది. పత్తికి బద్ధశత్రువైన గులాబీరంగు కాయతొలుచు పురుగు ఫెరోమోను 1973లో ఖరారైంది.

నాగార్జునసాగర్ కుడికాలువ వచ్చిన తరువాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్ళలో పత్తి సాగు విస్తరించింది. దానితో పాటే పురుగుమందుల వాడకమూ పెరిగింది. తెల్లదోమ, శనగపచ్చ పురుగు మందులకు లొంగని స్థితికి చేరుకొన్నాయి. 1987-88 పంటకాలంలో ఎన్నిసార్లు పిచికారీ చేసినా పురుగు చావక, పంట పోయి, అప్పులు తీరక ఈ రెండు జిల్లాలలో అనేకమంది పత్తి రైతులు ఆత్మహత్య చేసుకొన్నారు. మందు కొట్టే ముందు పురుగు ఎంత ఉన్నదో తెలుసుకోవాలన్న మాట రైతు చెవికి ఎక్కడానికి అంత మూల్యం చెల్లించవలసి వచ్చింది.

లింగాకర్షక బుట్ట చేసే పని ముఖ్యంగా అదే. గరాటు వంటి పళ్ళెం, పైన మూత, కింద వేలాడే ప్లాస్టిక్ సంచి, నడుమ ఆడచిలుక వాసన నింపిన రబ్బరు ఎర ఉంటాయి. ఆడది ఉన్నదని భ్రమసి వచ్చిన మగచిలుకలు సంచిలో పడతాయి. గులాబీరంగు పురుగు విషయంలో వరుసగా మూడు రోజులు బుట్టకు రోజుకు 8 చిలుకలు పడితే నివారణ చర్యలు చేపట్టాలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. మిరపలో పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగుల ఉనికి తెలుసుకోవడానికీ ఇవే వాడతారు. అయితే ఒక జాతి ఎర మరొక జాతికి పనిచేయదు. బుట్టలో పడేది మగచిలుకే గాని, గుడ్లు పెట్టే ఆడది కాదు. కాయలోని పురుగు అసలే కాదు. ఇది తెలియక బుట్ట కట్టినా పురుగు పోలేదని నిరాశపడేవారున్నారు. 2021-22లో మిరపను నాశనం చేసిన నల్ల తామరపురుగుల వంటి వాటికి ఈ బుట్టలు కాక నీలిరంగు జిగురు అట్టలు వాడవలసి వచ్చింది.

ఉత్తర జీవితం, మరణానంతర విచారణ

1960లో ఓటో హాన్ తరువాత బూటెనాంట్ మాక్స్ ప్లాంక్ సొసైటీ అధ్యక్షుడైనాడు. కైజర్ విల్‌హెల్మ్ సొసైటీకి యుద్ధానంతర వారసురాలైన ఈ సంస్థను 1972 వరకు నడిపాడు. పశ్చిమ జర్మనీ విజ్ఞానరంగంలో ఇతడి మాటకు తిరుగులేని కాలమది. 1995 జనవరి 18న మ్యూనిక్‌లో, 91 ఏళ్ళ వయసులో మరణించాడు.

జీవించి ఉండగానే ఇతడిపై ఆరోపణలు వినిపించాయి. వాటిని ముందుకు తెచ్చినవారిలో కొలోన్‌కు చెందిన జన్యుశాస్త్రజ్ఞుడు బెన్నో ముల్లర్-హిల్ ముఖ్యుడు. విషయం ఇది. మరొక కైజర్ విల్‌హెల్మ్ సంస్థకు అధిపతి అయిన ఓట్మార్ ఫాన్ ఫెర్షూయర్‌కు, ఆష్‌విట్జ్ శిబిరం నుండి యోసెఫ్ మెంగెలె ఖైదీల రక్తనమూనాలు పంపాడు. వాటి పరిశీలనలో సహాయపడిన గుంటర్ హిల్‌మాన్ బూటెనాంట్ సంస్థలో పనిచేసినవాడు. ఆ రక్తం ఎక్కడినుండి వచ్చిందో బూటెనాంట్‌కు ఎంత తెలుసునన్నది చరిత్రకారుల మధ్య వివాదంగానే ఉన్నది. వివాదం లేని సంగతి మరొకటి ఉన్నది. 1949లో ఫెర్షూయర్‌ను నిర్దోషిగా చూపే నివేదికను తయారుచేసిన శాస్త్రజ్ఞులలో బూటెనాంట్ ఒకడు. ఫెర్షూయర్ తరువాత మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనాడు.

బూటెనాంట్ మరణించిన రెండేళ్ళకు, 1997లో, మాక్స్ ప్లాంక్ సొసైటీ తన పూర్వసంస్థ నాజీకాలపు చరిత్రను పరిశీలించడానికి చరిత్రకారుల సంఘాన్ని నియమించింది. బూటెనాంట్ జీవితంపై, ఆష్‌విట్జ్ రక్తనమూనాలపై ప్రత్యేక అధ్యయనాలు వెలువడ్డాయి. 2001 జూన్‌లో బెర్లిన్‌లో జరిగిన సభలో అప్పటి అధ్యక్షుడు హుబర్ట్ మార్కల్, మెంగెలె ప్రయోగాలనుండి బ్రతికి బయటపడిన కవలల ఎదుట సంస్థ తరఫున క్షమాపణ చెప్పాడు.